ఆరే నూనె

కలెక్టరు ఉత్తరువు వచ్చిందంట.
ఓట్లు అయిపోయేదాంక
లైసెన్సు తుపాకులన్నీ టేషన్లో పెట్టాల.
తాడిపత్రిలో, నాపరాళ్ళ దుమ్ము పడే నా కొట్టంలోకి
పొద్దున్నుంచీ ఇది మూడోది.

తూటా తీసినావా సుంకులక్కా?
తీసినానంటే సాలదు, ఇట్లియ్యి.
విరిచి, గొట్టంలో నుంచి ఆకాశం చూడాల.
ఆ... కనపడింది.
చిన్న నీలం బిళ్ళ.
ఇనుము సంగతి నాకు తెలీదు. కట్టె వరకూ చెప్తా.

మడమంతా జిగట. ఏం పూసినావు?
శెనక్కాయ నూనెనా!
బిడ్డ మాడుకు పెట్టినట్టు
అరచేత్తో అద్ది అద్ది పెట్టినావు గదా,
నీ వేళ్ళ గుర్తులు దుమ్ము పట్టుకోని
అట్లే ఉండాయి.
పోయిన ఓట్లప్పుడూ ఇదే పూసిచ్చింటావు.
ఆ రూములో ఎలకలు ఈ అంచు కొరికింది అందుకే.

కోప్పడేది లేదులే.
శెనక్కాయ నూనె మంచిదే, తాలింపుకు.
అది ఆరదు.
ఎన్నాళ్ళున్నా తడితడిగానే ఉండి
పొయ్యే దుమ్మునంతా పిలుచుకుంటాది.
అవిసె నూనె అట్ల కాదు,
గాలి తగిలేకొద్దీ గట్టిపడి
కట్టెలో కట్టయిపోతాది.

ముందు పాతదంతా తుడవాల. సందుల్లో పుల్లతో.
ఇది ఇరుగుడు చెక్క. మా జేజినాయన చెక్కింది.
ఈ వంకర గీత చూడు, ఉలి జారిన చోటు.
దాన్ని దాచేకి చుట్టూరా చేప పొలుసులు చెక్కినాడు.
అందరూ ఆ పొలుసుల్నే మెచ్చుకుంటారు.

కుడిపక్క ఇంత అరిగిందేమి?
నిజమే, మీ ఆయనది ఎడమచేతి వాటం గదా.
పందుల కోసం మంచె మీద కూచున్న రాత్రులన్నీ
చెంప ఈడే ఆనించింటాడు.
గరుకు కాగితం పెడితే సమానమైతాది.
వద్దా?
సరే. వద్దులే.
అరిగిన చోట నూనె ఎక్కువ తాగుతాది, అంతే.

ఒక్క బొట్టు. చూడు, ఒక్కటే.
అరచెయ్యి వేడెక్కేదాంక రుద్దాల.
మిగిలింది తుడిచెయ్యాల.
రేపు ఇంకో బొట్టు.
తొందరపడి గిన్నెడు పోస్తే
పైన చర్మం కట్టి లోపల పచ్చిగా ఉంటాది.

మేయ్, ఆ గుడ్డ ఉండ చెయ్యొద్దు!
ఇట్లియ్యి.

మా నాయన కాలంలో ఈ కొట్టం కాలిపోయింది.
ఎవరో అంటించినారన్నారు. పేర్లు కూడా చెప్పినారు.
పేరు చెప్పేకి ఈడ ఎవరికీ కష్టం కాదు గదా.
కుళ్ళాయప్ప రెండేండ్లు కడప జైల్లో ఉండొచ్చినాడు.

ఎవరూ అంటించలేదక్కా.
అవిసె నూనె గుడ్డలు మూటగట్టి
రంపం పొట్టు పక్కన పడేసింది నేను.
తొమ్మిదేండ్లోన్ని.
ముడుచుకున్న గుడ్డ లోపల్లోపలే వేడెక్కుతాది,
అగ్గిపుల్ల అక్కర్లేదు.
తెల్లారుజామున అంటుకుంది.

నాయనకు చెప్పేకి పదకొండేండ్లు పట్టింది నాకు.
ఆయన ఏమీ అన్లేదు. ఉలి నూరుకుంటా ఉండిపోయినాడు.
కుళ్ళాయప్పకు ఇంగా చెప్పలేదు.
పోయిన నెల మంచం కోళ్ళు చేపించుకోని పోయినాడు,
కూలి తీసుకోనంటే
బలవంతంగా చేతిలో పెట్టినాడు.

సరే, ఇది నీడనే ఉండాల.
ఎండలో పెడితే ఆరదు, పగుల్తాది.
గడువు ఎల్లుండి గదా, రేపు సాయంత్రం రా.
టేషన్లో తోలు సంచి తీసేమను, చెమ్మ పడతాది.
మూతి కిందికి పెట్టమను,
లేకుంటే ఇనుముకు పూసిన నూనె జారి జారి
కట్టె మెడలోకి దిగి, నల్లగా కుళ్ళిపోతాది.
రసీదులో గీతలు, కొరుకుడు అన్నీ రాపించుకో.
చెంప గుర్తు వాళ్ళు రాయరులే.

పొయ్యే ముందర
ఆ గుడ్డ నువ్వే తీగ మీద ఆరెయ్యి.
ఇంగా ఇప్పు.
ఇంగా.
మడత లేకుండా.